వరిచేని ఊపిరి, ఉపగ్రహపు కొలత

భారతదేశమున ఆకాశమునుండి పంటల ఆరోగ్యమును పరిశీలించు విద్యకు తొలుదొలుత పరీక్షావస్తువైనది వరియుఁ గాదు, గోధుమయుఁ గాదు, కొబ్బరిచెట్టు. 1970 ప్రాంతమున, మనకు సొంత ఉపగ్రహ మొక్కటియు లేని దినములలో, పి.ఆర్. పిషరోటి అను వాతావరణ శాస్త్రవేత్త పూనికచే కొందఱు పరిశోధకులు కేరళదేశపు కొబ్బరితోటలపై హెలికాప్టరులో నెగురుచు, కంటికిఁ గానరాని పరారుణ కాంతికి స్పందించు ఫిల్ముతో ఛాయాచిత్రములు తీసిరి. అచటి తోటలను అప్పటికే దశాబ్దములుగా ఒక వేరుతెగులు పీడించుచుండెను. చెట్టుక్రింద నిలిచి తలయెత్తి చూచువానికి పచ్చగానే తోఁచు మట్టలు ఆ చిత్రములయందు వన్నె తఱిగి కనఁబడుటయు, రోగము బయటఁబడకముందే దాని జాడ చిత్రమునకు చిక్కుటయు శాస్త్రజ్ఞులకు గొప్ప ఉత్సాహము కలిగించెను. మన దేశమున రిమోట్ సెన్సింగ్ అను శాస్త్రము ఆ తోటలలో నారంభమయ్యెనని చెప్పుట పరిపాటి. కొబ్బరియే జీవనాధారముగాఁ గల కోనసీమవారు ఈ వృత్తాంతమును తమ బిడ్డలకు తప్పక చెప్పవలసియున్నది.

రావులపాలెము ఆ కోనసీమకు ముఖద్వారము. జొన్నాడ వైపునుండి గౌతమి వంతెన దాటి వచ్చువారికి మొట్టమొదట నెదురగునది అరటిగెలల మార్కెట్టు; చక్కెరకేళియు, కర్పూరయు, అమృతపాణియు, బొంతయు లంకలనుండి సైకిళ్ళమీఁదను ఆటోలమీఁదను వచ్చి, లారీల కెక్కి ఒడిశా మొదలగు పొరుగు రాష్ట్రములకు తరలిపోవు చోటు అది. ఊరు దాటినంతనే ఒకవైపు కొబ్బరి, దాని నీడలో అరటి, గట్లకావల వరిచేలు, చేలనడుమ బోదెలు, బోదెల చివర మురుగుకాలువలు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాఁటినుండి ఈ నేలకు నీటికొదువ లేదు. ఇంత యిఱుకుగా, ఇన్ని విధముల పచ్చదనము అల్లుకొనియున్న నేలను వందల క్రోసుల యెత్తునుండి చూచి, ఏ చేను ఆరోగ్యముగా నున్నది, ఏ చేను ఏ వాయువును గాలిలోనికి విడుచుచున్నదని చెప్పఁగలుగుట ఎట్లు సాధ్యమైనదో, ఎంతవఱకు సాధ్యమైనదో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఆకు విషయము. సూర్యకాంతి ఆకుమీఁదఁ బడినపుడు అందలి పత్రహరితము నీలమును ఎఱుపును ఆత్రముగా మ్రింగి, ఆకుపచ్చను కొంత విడిచిపెట్టును. మన కంటికి ఆకు పచ్చగాఁ గనఁబడుట ఆ విడిచిపెట్టిన భాగమువలననే. కాని ఎఱుపునకు ఆవల, మానవనేత్రమున కందని పరారుణ కాంతియొకటి కలదు. దానితో పత్రహరితమునకు పనిలేదు. అది ఆకులోపలికి చొచ్చి, అందలి కణములకును వాని నడుమనున్న గాలిగదులకును మధ్య పలుమాఱులు వంగి చెదరి, సగమునకు దగ్గఱగా వెనుకకు మరలి వచ్చును. నీటిబుడగ దేనికది పారదర్శకమైనను నురుగంతయు తెల్లగా మెఱయునట్లు, పరారుణమున చూచినచో పచ్చని చేను ధగధగ మెఱయును. ఆకు నీరసించినపుడు ఈ లోపలి గదులు కుదించుకొనిపోవును, పరారుణపు మెఱుపు తగ్గును. పత్రహరితము క్షీణించును, మ్రింగఁబడవలసిన ఎఱుపు బయటికి వచ్చును. కావున ఈ రెండు కాంతుల వ్యత్యాసమును వాని మొత్తముచే భాగించినచో ఆకుయొక్క స్థితిని తెలుపు ఒక అంకె లభించును. పుష్టిగాఁ బిలకలు వేసిన వరిచేను పరారుణమును నూటికి 45 పాళ్ళు, ఎఱుపును 5 పాళ్ళు త్రిప్పి పంపినదనుకొందము. వ్యత్యాసము 40, మొత్తము 50, అంకె 0.8. అదే చేనికి ఎండాకు తెగులు సోకి పరారుణము 30కి దిగి ఎఱుపు 10కి పెరిగెనేని, అంకె 0.5కు పడును. దమ్ముచేసి నీరు పెట్టిన చేనిలో నీరు పరారుణమును పీల్చివేయుటచే అంకె సున్నకు దాపులనో, అంతకు దిగువనో ఉండును. 1972లో అమెరికావారు ప్రయోగించిన తొలి లాండ్‌శాట్ ఉపగ్రహము పంపిన చిత్రములతో ఈ లెక్క ప్రచారములోనికి వచ్చినది. ఇంత సులభమైన భాగహారము అర్ధశతాబ్దముగా ప్రపంచమంతటి పంటల నాడిని చూపుచుండుట నా కెప్పుడును విస్మయముగనే యుండును.

మన దేశము ఈ విద్యను త్వరగా సొంతము చేసికొనినది. 1974-75లో అంతరిక్ష పరిశోధన సంస్థయు వ్యవసాయ పరిశోధన మండలియు కలిసి విమానములనుండి పంటల లెక్క తీయఁబూనినపుడు ఎన్నుకొనిన రెండు జిల్లాలలో ఒకటి పంజాబులోని పటియాల, రెండవది మన అనంతపురము. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్-1ఎ అను, ప్రయోగాత్మకము గాక నిత్యసేవకై నిర్మించిన మన తొలి భూపరిశీలక ఉపగ్రహము సోవియట్ దేశపు బైకనూరునుండి కక్ష్య కెగసినది. 2003, 2011, 2016 సంవత్సరములలో రిసోర్స్‌శాట్ ఉపగ్రహములు మూఁడు మన శ్రీహరికోటనుండియే లేచినవి. అవి పంపు సమాచారమును షాద్‌నగరమునందలి పెద్ద పళ్ళెములు అందుకొనును. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము దానిని శుద్ధిచేసి పంచిపెట్టును. ఆ సంస్థను దానికి పూర్వనామమున్న కాలమున నడపినవారిలో బులుసు లక్ష్మణ దీక్షితులుగారి వంటి తెలుగు విద్వాంసుఁ డుండుట మనము స్మరింపఁదగిన విషయము.

అయితే ఉపగ్రహపు చూపు ఎంత సన్ననిదో రైతు తన కొలతలో ఎఱుఁగవలెను. రిసోర్స్‌శాట్ నందలి ఒక కెమెరాకు భూమిమీఁద 56 మీటర్ల చదరము ఒక చుక్క. అనఁగా సుమారు 77 సెంట్లు. అది ఐదేసి దినముల కొకసారి అదే చోటును మరల చూడఁగలదు. ఇంకొక కెమెరాకు చుక్క 23.5 మీటర్లు, ఇంచుమించు 14 సెంట్లు. కాని అది మరల అదే నేలను చూచుటకు 24 దినములు పట్టును. 2015నుండి ఐరోపావారు నడపుచున్న సెంటినెల్-2 ఉపగ్రహములకు చుక్క 10 మీటర్లే, రెండున్నర సెంట్లు. పదియెకరములు ఏకఖండముగ నున్న వరిచేనికి ఈ చుక్కలు చాలును. కోనసీమతోటకు చాలవు. ఒక్క చుక్కలో మీఁద కొబ్బరిమట్ట, క్రింద అరటాకు, ప్రక్క కందగడ్డ, అంచున పెంకుటిల్లు ఇమిడియుండఁగా, ఆ చుక్క చెప్పు అంకె నాల్గింటి సగటేకాని ఏ యొక్కదానిదియుఁ గాదు. కొన్నేండ్లుగా మన కొబ్బరిమట్టలను పీడించుచున్న సర్పిలాకారపు తెల్లదోమ, ఆకుల అడుగున చేరి తేనెవంటి జిగురు స్రవించి, ఆ జిగురుమీఁద నల్లని బూజు పట్టించి, ఆకునకు ఎండ తగులకుండఁ జేయును. ఆ నలుపు పైనుండి కనఁబడవలసినదే. ఐనను క్రింద ఏపుగా నున్న అరటి తన పచ్చదనముతో చుక్కయొక్క అంకెను నిలుపుకొనిపోవుచుండఁగా, కొబ్బరి బాధ లెక్కకు రాక మఱుఁగుపడవచ్చును. కేరళలో చెట్టు చెట్టునకు తేడా తెలిసినది హెలికాప్టరు తక్కువ యెత్తున నెగిరినందువలన. నేఁడు అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానమువారును కొవ్వూరు అరటి పరిశోధకులును చెట్టు దగ్గఱకు స్వయముగఁ బోయి మట్ట త్రిప్పి చూచుట మానలేదన్నచో అది వెనుకబాటుతనము కాదు, అవసరము.

రెండవ చిక్కు మేఘము. సార్వా ఊడ్పులు ఆషాఢ శ్రావణములలో జరుగును. సరిగా ఆ మాసములలోనే గోదావరిమీఁది ఆకాశము మబ్బుతో మూయఁబడియుండును. దాళ్వాకాలమున తేటగాఁ గనఁబడు చేను సార్వాలో వారములతరబడి ఉపగ్రహమునకు కనఁబడదు. దీనికి విరుగుడు రాడారు. అది సూర్యునిపై నాధారపడక, కొన్ని అంగుళముల నిడివి గల తరంగములను తానే పంపి, తిరిగి వచ్చినవానిని గ్రహించును. మబ్బు దానికి అడ్డుగాదు, రాత్రియు పగలును దానికి సమానము. నీరు నిండిన చేను అద్దమువలె చదునగుటచే తరంగము అవతలికి జాఱిపోవును, చిత్రమున చేను నల్లగా పడును. నాట్లు పడి, పిలకలు లేచి, దుబ్బు కట్టినకొలఁది తరంగము కాండములకు తగిలి తిరిగి వచ్చుటచే చేను క్రమముగా తెల్లబడును. ఈ నలుపు తెలుపుల క్రమమునుబట్టి ఏ కాలువక్రింద ఏ వారమున ఊడ్పులు పడినవో, వరదలో ఏ లంక మునిఁగినదో కనిపెట్టుదురు. 2012లో రైశాట్-1, 2022 ఫిబ్రవరిలో దాని తరువాతి ఉపగ్రహము, 2025 జులై 30న శ్రీహరికోటనుండి అమెరికావారితోఁ గలిసి పంపిన నైసార్ ఇట్టి రాడారు చూపు గలవి. పన్నెండేసి దినముల కొకసారి భూమినంతటిని తడవివచ్చు నైసారునకు చేని తడియును తెలియును. ఆ తడి సంగతి మీఁద రానున్న కథకు ముఖ్యము.

ఇంతవఱకు చెప్పినది ఆకు రూపము. ఆ చేను గాలిలోనికి విడుచు ఊపిరి సంగతి వేఱు, అంతకంటె సూక్ష్మము. దమ్ముచేసిన మడిలో అడుగుపెట్టినచో కాలిచుట్టు బుడగలు లేచుట పొలమెఱిఁగిన ప్రతివాఁడును చూచినదే. ఆ బుడగలో నున్నది మీథేను. 1776లో ఇటలీదేశపు వోల్టా ఒక సరస్సు ఒడ్డున బురదను కఱ్ఱతో కలఁచి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, దానికి మంట అంటుకొనుట చూచి ఈ వాయువును లోకమునకు పరిచయము చేసెను. నీరు నిలిచిన మట్టిలోనికి ప్రాణవాయువు దిగదు. ఉన్న కొంచెమును మట్టిలోని జీవులు ఒకటి రెండు దినములలోనే కాజేయును. అంతట ప్రాణవాయువు అక్కఱలేని అతిసూక్ష్మజీవులు రాజ్యమేలి, కుళ్ళుచున్న గడ్డిని, వేళ్ళను, పెంటను తిని మీథేనును వెలువరించును. బుడగలుగా వచ్చునది కొంచెమే. అధికభాగము వరిమొక్క ద్వారముననే వెలువడును. నీటిలో నిలిచి బ్రదుకుటకై వరి తన వేళ్ళకు గాలి నందించు సన్నని గొట్టములను కాండమునందు పెంచుకొనినది. ఆ గొట్టములగుండ ప్రాణవాయువు క్రిందికి దిగుచుండఁగా మీథేను మీఁదికి లేచును. వరి తన ప్రాణరక్షణకై అమర్చుకొనిన మార్గమే ఈ వాయువునకు పొగగొట్టమైనది.

ఈ మీథేను గాలిలో సగటున పదియేండ్లకు అటునిటుగా మాత్రమే నిలుచును. కాని ఉన్నంతకాలము ఉగ్రముగ నుండును. నూఱేండ్ల లెక్కలో అది అంతే బరువుగల బొగ్గుపులుసువాయువు కంటె సుమారు 28 రెట్లు వేడిని పట్టి యుంచును. యంత్రయుగమునకు పూర్వము గాలియందు నూఱుకోట్ల పాళ్ళలో 700 పాళ్ళున్న మీథేను నేఁడు 1900 దాటినది. అదే కాలమున బొగ్గుపులుసువాయువు పదిలక్షలలో 280 పాళ్ళనుండి 420కి మించి పెరిగినది. మనుష్యుల పనులవలన పుట్టు మీథేనులో వరిచేల వాటా నూటికి ఎనిమిది పది పాళ్ళుండునని అంచనా. పశువుల కడుపులనుండియు, చమురు బావులనుండియు, బొగ్గుగనులనుండియు, చెత్తదిబ్బలనుండియు వచ్చునది అంతకంటె ఎక్కువ. వరి రైతును దోషిగా నిలుపుట కెవ్వరైనను తొందరపడునెడల ఈ వాటా మొదట జ్ఞప్తికి రావలెను.

కంటికిఁ గానరాని ఈ వాయువును ఉపగ్రహ మెట్లు చూచును? చూడదు. అది లేని కాంతిని చూచును. 1859లో టిండాల్ అను శాస్త్రజ్ఞుఁడు కంటికి తేటగాఁ గనఁబడు వాయువులు కొన్ని వేడికిరణములను అడ్డగించునని ప్రయోగశాలలో నిరూపించెను. ప్రతి వాయువును తనకు నచ్చిన సన్నసన్నని వన్నెలను మాత్రమే మ్రింగును, ఇతర వాయువుల వన్నెల జోలికి అంతగా పోదు. సూర్యకాంతి గాలిని దాటి నేలను తాఁకి మరల గాలిని దాటి ఉపగ్రహమును చేరునప్పటికి, ఆ వన్నెలచోట సన్నని నల్లగీతలు పడియుండును. గీత ఎంత లోతైనచో వాయువు అంత ఎక్కువ. అమెరికావారి ఓ.సి.ఓ-2 అను ఉపగ్రహము 705 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, మధ్యాహ్నము ఒంటిగంటన్నరవేళ, బొగ్గుపులుసువాయువునకు సంబంధించిన రెండు పరారుణ భాగములను ఒక్కొక్కదానిని వేయి వన్నెలుగా చీల్చి చదువును. కాని గీత లోతు వాయువునుబట్టియే గాక కాంతి నడచిన దూరమునుబట్టియు మాఱును; కొండమీఁద గాలి పలుచన, డెల్టాలో దట్టము. అందుచే అది మూఁడవ భాగముగా ప్రాణవాయువు గీతలను గూడ చదువును. ప్రాణవాయువు భూమియందెల్లెడల గాలిలో ఒకే పాళ్ళలో ఉండుటచే దానిని మానముగాఁ బెట్టుకొని మిగిలినదానిని తూఁచుట సాధ్యమగును. పదిలక్షలలో నాలుగువందల పాళ్ళున్న వాయువులో ఒక్క పాలు హెచ్చుతగ్గులను పట్టుకొనవలసిన తూనిక ఇది. ఇంతటి నైపుణ్యము ఊరక చేతికి రాలేదు. ఈ ఉపగ్రహమునకు ముందటిది 2009 ఫిబ్రవరి 24న రాకెట్టు శిరఃకవచము ఊడక కక్ష్య చేరలేక సముద్రముపాలైనది. శాస్త్రజ్ఞులు మరల అదే యంత్రమును నిర్మించి 2014 జులై 2న పంపిరి. ఆ నడుమ కాలమంతయు జపానువారు 2009 జనవరి 23న ప్రయోగించిన గోశాట్ అను ఉపగ్రహము ఈ పని నెఱవేర్చినది.

మీథేను కొలతలో తొలి పెద్ద అడుగు ఐరోపావారిది. 2002లో వారు పంపిన ఎన్విశాట్ నందలి స్కియామచీ అను పరికరము, భారతదేశము చైనాదేశముల వరినేలలపై నాట్ల తరువాతి మాసములలో మీథేను దట్టమగుటను పటముగా చూపినపుడు, నేలమీఁద అక్కడక్కడ మొక్కలపై పెట్టెలు బోర్లించి కొలిచినదానిని ఖండముల విస్తీర్ణమున ఒక్క చూపున చూచు భాగ్యము శాస్త్రలోకమునకు కలిగినది. 2017 అక్టోబరు 13న ఎగసిన సెంటినెల్-5పి అను ఉపగ్రహమందలి ట్రొపోమి పరికరము నేఁడు 2600 కిలోమీటర్ల వెడల్పున నేలను చూచుచు ప్రతిదినమును భూగోళమంతటిని చుట్టివచ్చును. దాని చుక్క ఏడు కిలోమీటర్లు పొడవును అయిదున్నర కిలోమీటర్లు వెడల్పును గలది. మన లెక్కలో సుమారు 9,500 ఎకరములు.

తొమ్మిదిన్నరవేల యెకరములు! కోనసీమలో అంత నేలను ఒక్క దీర్ఘచతురస్రముగా గీచి చూడుఁడు. అందు వరిచేలుండును, వానిప్రక్క చేపల రొయ్యల చెఱువులుండును, మురుగుకాలువలుండును, పశువుల పాకలుండును, సముద్రతీరపు వైపైనచో మడయడవియు నుండవచ్చును. ఇవియన్నియు మీథేనును విడుచునవే. అదిగాక కృష్ణా గోదావరి మండలపు భూగర్భమున సహజవాయువు కలదు; దాని ప్రధానభాగము మీథేనే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 దినములు ఆర్పరాని మంటయై ఆకాశమునంటి నిలుచుట ఈ ప్రాంతపు పెద్దలలో చూడనివారు తక్కువ. బురదలో నిన్న పుట్టిన మీథేను, భూగర్భమున కోట్లయేండ్లకు పూర్వము పుట్టిన మీథేను రెండింటి గీతలును ఉపగ్రహపు కంటికి ఒక్కతీరుననే కనఁబడును. పైపెచ్చు గాలి నిలిచియుండదు. ఇచట లేచిన వాయువు మధ్యాహ్నమునకు రాజమహేంద్రవరము మీఁద నుండవచ్చును, సముద్రము మీఁద నుండవచ్చును. ఉపగ్రహము కొలుచునది నేలనుండి వాయుమండలపు పైయంచువఱకు గల గాలిస్తంభము మొత్తమును. అందు మన చేని వాటా నూటికి కొన్ని పాళ్ళకు మించదు. ఆ వాటాను విడఁదీయుటకు గాలివాటపు లెక్కలను కంప్యూటరులో వెనుకకు నడిపించి, ఏ చోట ఎంత పుట్టియున్నచో ఇచట ఇంత కనఁబడవలెనో ఊహించి సరిపోల్చుకొనవలెను. ఆ ఊహకు మొదటి అంకె నేలనుండియే రావలెను. దీనికి తోడు, సార్వాలో మీథేను ముమ్మరముగఁ బుట్టు దినములలోనే మబ్బు అడ్డుపడి ఈ పరికరములను అంధములను చేయును. రాడారువలె మబ్బును చీల్చుకొనిపోవు శక్తి వీనికి లేదు.

నేలకొలత లేని అంకె ఎంత దూరము తప్పుదారి పట్టునో మన దేశమునకు అనుభవపూర్వకముగ తెలిసినదే. 1990 ప్రాంతమున అమెరికా పర్యావరణ శాఖవారు భారతదేశపు వరిచేలు ఏఁటేఁట 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేనును విడుచునని అంచనా కట్టిరి. ఐరోపా, అమెరికాల పొలములలో కొలిచిన అంకెలను మన విస్తీర్ణముతో గుణించుటచే ఏర్పడిన సంఖ్య అది. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఏ.పి. మిత్ర దానిని అంగీకరింపక, 1991లో దేశమునందలి పలుతావుల శాస్త్రజ్ఞులను కూడఁగట్టి, వరిదుబ్బులపై పారదర్శకమైన పెట్టెలు బోర్లించి, పెట్టెలోని గాలిని సిరంజితో తీసి కొలిపించెను. తేలిన మొత్తము సుమారు 40 లక్షల టన్నులు, అనఁగా విదేశపు అంచనాలో తొమ్మిదవ వంతునకు దాదాపు. భూమి వేడెక్కుటకు బాధ్యతను దేశములు పంచుకొనవలసిన అంతర్జాతీయ సభలలో ఈ తేడా ఎంత ప్రాముఖ్యము గలదో వేఱుగఁ జెప్పనేల? పెట్టె, సిరంజి, బురదలో నిలుచుటకు వెనుదీయని విద్యార్థి, ఈ మూఁడును కలిసి ఒక పేదదేశపు రైతులపై అన్యాయముగాఁ బడనున్న భారమును తప్పించినవి. మన విజ్ఞానచరిత్రలో అంతకంటె గర్వింపఁదగిన ఘట్టములు అనేకములు లేవని నా అభిప్రాయము.

వాయువులకొఱకు నిర్మించిన ఈ ఉపగ్రహములే ఆకుల గుఱించియు ఒక వింతను వెల్లడించినవి. పత్రహరితము మ్రింగిన కాంతినంతటిని ఆహారముగా మార్చలేదు. నూటికి ఒకటి రెండు పాళ్ళు ఎఱుపు, పరారుణముల అంచున మందమైన వెలుగుగా మరల విడుచును. పట్టపగలు సూర్యకాంతి నడుమ ఆ మిణుకును గుర్తించుట అసాధ్యమని అందఱు తలంచుచుండిరి. కాని సూర్యునికాంతిలోనే, సూర్యునిచుట్టు నున్న వాయువులవలన, ఫ్రౌన్‌హోఫర్ కనిపెట్టిన నల్లగీతలు కలవు. ఆ గీతలచోట ఎండ మిక్కిలి తక్కువ. నేల ఊరక ప్రతిఫలించినచో గీత నల్లగానే యుండవలెను. ఆకులు వెలుగునెడల గీత అడుగున కొంచెము వెలుఁగు నిండును. 2011లో శాస్త్రజ్ఞులు గోశాట్ కొలతలలో ఈ నింపును పట్టుకొని భూగోళమంతటి పచ్చదనపు మిణుకునకు పటము గీచిరి. దీనివలన లాభమేమనఁగా, పచ్చదనపు అంకె ఆకు ఉన్నదని మాత్రమే చెప్పును, ఈ మిణుకు ఆకు ఆ క్షణమున పనిచేయుచున్నదా లేదా అని చెప్పును. వైశాఖపు వడగాడ్పులో ఆకు పచ్చగానే నిలిచి, రంధ్రములు మూసికొని, వంట మానియుండవచ్చును. పచ్చదనము దానిని దాఁచును, మిణుకు బయటపెట్టును.

పచ్చదనము దాఁచునది మఱియొకటి కలదు. 2019 ఫిబ్రవరిలో బోస్టన్ విశ్వవిద్యాలయపు రంగా మైనేని బృందమువారు ప్రకటించిన పరిశోధన, 2000 తరువాత భూమియందలి ఆకుల విస్తీర్ణము నూటికి అయిదు పాళ్ళు పెరిగినదనియు, ఆ పెంపులో మూఁడవవంతు చైనా, భారతదేశములదే యనియు, మనదేశపు పెంపులో నూటికి 82 పాళ్ళు పంటపొలములదే యనియు తేల్చెను. ఏఁడాది పొడవున నేల పచ్చగా నుండుట రైతు శ్రమకు నిదర్శనము, సందేహము లేదు. కాని 2011 సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి దాదాపు లక్షయెకరములు బీడుపెట్టినపుడు ఉపగ్రహమునకు కనఁబడఁగలది గడ్డియు నీరును మాత్రమే. గిట్టుబాటు లేని ధరయు, దొరకని కూలియు, పూడిపోయిన మురుగుకాలువయు ఏ వన్నెలోను గీతగా పడవు.

మురుగుకాలువ మాట వచ్చినది కావున ఒక మాట చెప్పక తప్పదు. మీథేనును తగ్గించుటకు నేఁడు శాస్త్రజ్ఞులు రైతునకు చెప్పు ప్రధానోపాయము తడిపొడి పద్ధతి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ప్రచారము చేసిన ఈ విధానమున, చేనిలో చిల్లులుపెట్టిన గొట్టమునొకదానిని పాఁతి, నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్ల దిగువకు పోవువఱకు ఆగి, అప్పుడు మరల నీరు పెట్టవలెను. పూఁతదశలో మాత్రము నీరు తగ్గనీయరాదు. మట్టిలోనికి గాలి దిగుటచే మీథేనునకు కారణమైన జీవులు అణఁగును. మూఁడవవంతు, కొన్నిచోట్ల సగమువఱకు ఆ వాయువు తగ్గినట్లు పరీక్షలు చూపినవి. ఎరువు వేళకానివేళ వేసినచో నైట్రస్ ఆక్సైడు అను మఱియొక వాయువు పెరుగుట గూడ కలదు గనుక జాగ్రత్త అవసరము. దాళ్వాలో ఇది సాధ్యమే. సార్వాలో? పై చేని నీరు క్రింది చేనిలోనికి, క్రింది చేని నీరు కాలువలోనికి పోవలసిన చోట, కాలువయే ఎదురుతన్ని చేనిలోనికి వచ్చుచున్నపుడు, చేనిని ఆరఁబెట్టుఁడని రైతునకు బోధించుట అతని చేతిలో లేని పనిని అతని నెత్తిన పెట్టుటయే. డెల్టాలో మీథేను తగ్గింపు మొదట మురుగుకాలువల త్రవ్వకపు పని.

మన ప్రక్కనే మార్టేరున వరి పరిశోధన స్థానము కలదు. దేశమంతట ప్రాఁకిన స్వర్ణ వంగడము పుట్టినది ఆ మడులలోనే. అట్టి స్థానములును, రాజమహేంద్రవరము, అమలాపురము కళాశాలలలో రసాయన, వృక్షశాస్త్రములు చదువు విద్యార్థులును కలిసి, 1991 నాఁటి పెట్టెలను మరల తయారుచేసి, కోనసీమ చేలలో సార్వా దాళ్వా రెండు కార్లును, నిలువనీటి మడిలోను తడిపొడి మడిలోను, చెఱువుగట్టునను మురుగుకాలువ ఒడ్డునను మీథేనును కొలిచి ఆ అంకెలను అందఱికి అందుబాటున నుంచవలెనని నా విన్నపము. ఖర్చు పెద్దది కాదు. పెట్టెలు అక్రిలిక్ రేకుతో ఇచటనే చేసికొనవచ్చును, గాలినమూనాలను కొలుచు యంత్రములు విశ్వవిద్యాలయములలో నున్నవి. ఉపగ్రహపు కొలతలు రానున్న యేండ్లలో కర్బన క్రెడిట్ల పేర ధనముగా మారనున్నవి, నిందగాను మారవచ్చును. ఆ దినమున మన చేల అంకెను నిర్ణయించునది ఎక్కడివారి ఊహయో కాక మన బురదలోని కొలత కావలెనన్నచో, రాఁబోవు సార్వా ఊడ్పులకే ఆ పని ఆరంభింపుఁడు.